ఒకవైపే వినిపించే ఇయర్‌ఫోన్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: రైస్ మిల్లు కాంటా దగ్గర గుమాస్తాగా పనిచేస్తున్నాను. పొద్దున్నుంచి రాత్రి దాకా లారీ డ్రైవర్లతో ఫోనులో మాట్లాడడమే నా పని. రెండేళ్లలో మూడు వైరు ఇయర్‌ఫోన్లు పోయాయి. ప్రతిసారీ ఒకవైపే మూగబోయింది. విసిగి ఇయర్‌బడ్స్ కొంటే, మొదట నాలుగు గంటలు వచ్చిన చార్జింగు ఏడాదిన్నరకే ముప్పావు గంటకు దిగింది. లోపం సరుకుదా, నా వాడకానిదా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: రెండు రకాలూ పాడయ్యాయి గానీ, వాటి కారణాలకు ఒకదానితో ఒకటి సంబంధం లేదు. వైరు లోపల సన్నని రాగి పోగులు, వాటికి బలంగా ఒక దారం ఉంటాయి. రాగిని ఒకేచోట పదేపదే వంచితే అలిసి తెగుతుంది. ఫోను చొక్కా జేబులో ఉన్నప్పుడు ఆ వంపు అంతా పిన్ను మెడ దగ్గరే పడుతుంది కాబట్టి నూటికి ఎక్కువ పాళ్లు అక్కడే తెగుతుంది. కుడికి ఒక పోగు, ఎడమకు ఒక పోగు, రెండింటికీ కలిపి ఉమ్మడిగా మరొకటి ఉంటాయి. మొదటి రెండింటిలో ఏది తెగితే ఆ వైపు పోతుంది. ఉమ్మడి పోగు తెగితే మాత్రం రెండువైపులా శబ్దం వస్తూనే పాటలో గాయకుడి గొంతు ఎక్కడో దూరంగా వినిపిస్తుంది. పిన్ను దగ్గర వైరును అటూ ఇటూ కదిపినప్పుడు శబ్దం వచ్చిపోతుంటే, అంగుళం పైన కత్తిరించి కొత్త 3.5 మిల్లీమీటర్ల పిన్ను అతికించుకోవచ్చు. మైకు ఉన్నదానికి మూడు గీతల పిన్ను తీసుకోవాలి. పోగుల మీద కరెంటును అడ్డుకునే రంగుపూత ఉంటుంది, దాన్ని సోల్డరింగ్ వేడితో కాల్చి తీసేయాలి. అది తెలియక ఉత్తగా మెలిపెట్టి చూసినవారే ‘ఇది బాగుకాదు’ అని పారేస్తుంటారు.

ఇయర్‌బడ్స్ సంగతి లెక్కతో చూద్దాం. వాటిలోని లిథియం బ్యాటరీ సామాన్యంగా 300 నుంచి 500 సార్లు పూర్తిగా నిండి ఖాళీ అయ్యేసరికి తన శక్తిలో అయిదో వంతు దాకా కోల్పోతుంది, ఆ తర్వాత కూడా తగ్గుతూనే పోతుంది. ఫోనును రోజుకు ఒకసారి చార్జి చేస్తాం. నాలుగు గంటలు నడిచే బడ్‌ను మీరు రోజుకు ఎనిమిది గంటలు వాడితే అది రోజుకు రెండుసార్లు నిండి ఖాళీ అయినట్టు. అంటే 500 సార్లు 250 రోజుల్లోనే పూర్తవుతాయి. ఏడాదిన్నర నడిచిందంటే అది తన ఆయుష్షుకు మించే పనిచేసింది. దానికి తోడు మే నెలలో 44 డిగ్రీలు దాటే మన ఎండలో రేకుల షెడ్డు కింద చార్జి చేయడం, లేదా బడ్స్‌ను పెట్టి చార్జి చేసే డబ్బీని బండి ట్యాంకు కవరులో వదలడం బ్యాటరీకి చేటు. ఈ రకం బ్యాటరీలను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయకూడదు. బడ్ పూర్తిగా అతికించి మూసినది కావడంతో బ్యాటరీ మార్చడం మామూలు మెకానిక్ చేతిలో పని కాదు.

కాబట్టి మీ వాడకం తప్పని అనను, మీ పని పెద్దది. ఫోనులో మాటలకు ఒక చెవి చాలు. ఒక బడ్ వాడుతున్నంతసేపు రెండోదాన్ని డబ్బీలో ఉంచి మార్చుకుంటూ వాడితే ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. నన్నడిగితే కాంటా దగ్గర పనికి వైరుదే మేలు. ఒకవైపు శబ్దం క్రమంగా తగ్గితే పోయిందనుకునే ముందు చెవిలో పెట్టుకునే చోట ఉండే జాలీని చూడండి. తవుడు దుమ్ము, చెవి గులిమి కలిసి దాన్ని పూడ్చేస్తాయి, పొడి మెత్తని బ్రష్‌తో దులిపితే చాలాసార్లు సరిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి పెద్ద హెడ్‌ఫోను మెత్తల నుంచి నల్లటి పొట్టు రాలి చెవులకు అంటుకుంటోంది. మొత్తం మార్చాలా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: అక్కర్లేదు. అది తోలు కాదు, గుడ్డ మీద పాలీయురెథేన్ పూత. గాలిలోని తేమకూ చెమటకూ విడిపోయి పెచ్చులూడుతుంది. మెత్తలు విడిగా దొరుకుతాయి. ఈసారి గుడ్డవి కొనండి.

ప్రశ్న: అట్టపెట్టె మీద ఐపీఎక్స్4 అని ఉంది. ఎనిమిది నెలలకే ఒక బడ్ చార్జి ఎక్కడం మానేస్తే, నీళ్లు చేరాయంటూ షాపువాళ్లు వారంటీ ఇవ్వలేదు. నేను దాన్ని నీటిలో వేయలేదు, వ్యాయామానికే వాడాను.
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ఐపీఎక్స్4 అంటే ఏ దిక్కు నుంచైనా చిందే మంచినీటిని తట్టుకోవడమే, ఉప్పు ఉన్న చెమటకు ఆ పరీక్ష వర్తించదు. ఎక్స్ అన్న అక్షరం దుమ్ముకు సంబంధించిన స్థాయి ప్రకటించలేదని చెబుతుంది. డబ్బీకి చాలాసార్లు ఈ మాత్రం రక్షణ కూడా ఉండదు. తడి బడ్‌ను తుడవకుండా డబ్బీలో పెడితే, చార్జింగు పారే లోహపు చుక్కలు ఉప్పుకు తుప్పుపట్టి చార్జి ఎక్కడం మానేస్తుంది. ముందు వాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన దూదితో తుడిచి చూడండి.

అయినా మారకపోతే, వారంటీ నిరాకరణను రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు చెప్పండి. ఫలితం లేకుంటే 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం కింద, షాపు ఎక్కడున్నా సరే, మీరు ఉండే జిల్లాలోనే, అంటే నల్లగొండలోని జిల్లా కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు సరుకుకు రుసుము లేదు. పెట్టె మీద పరుగెత్తే మనిషి బొమ్మ వేసి, లోపలి వారంటీ చీటీలో చెమటను మినహాయించి ఉంటే, ఆ రెండింటినీ ఫొటో తీసి బిల్లుతో పాటు జతచేయండి.