ట్రెయిల్‌కి గ్రాంట్ అడిగే ముందు ఆ నేల ఎవరిదో చూడండి

మీరు అడిగింది: "అమెరికాలో మా సబ్‌డివిజన్ (ఇళ్ల కాలనీ) వెనక వాగు వెంబడి ఒక మైలు నడక దారి వేయించాలని ఉంది. ప్రభుత్వ గ్రాంట్లు ఉంటాయట కదా, మేం పదిమంది కలిసి అప్లై చేయొచ్చా? ఎంత వస్తుంది?"

పదిమంది ఇరుగుపొరుగువాళ్లుగా అయితే కుదరదు. మేమూ అచ్చం ఇలాగే ఒకరి గరాజ్‌లో కూర్చుని మొదలుపెట్టాం. అప్లికేషన్ బాగా రాస్తే చెక్కు వస్తుంది, ఆ చెక్కుతో దారి వేసేయొచ్చు అనుకున్నాం. ఆ లెక్క మొత్తం తప్పే.

అందరూ ముందు చెప్పే పేరు ల్యాండ్ అండ్ వాటర్ కన్జర్వేషన్ ఫండ్. 1964లో దీనికి చట్టం చేశారు. ఇందులోకి వచ్చేది ముఖ్యంగా సముద్రంలో చమురు, గ్యాస్ తీసే కంపెనీలు ఫెడరల్ ప్రభుత్వానికి కట్టే సొమ్ము. ఏటా 90 కోట్ల డాలర్ల దాకా ఇవ్వొచ్చని ఉన్నా, చాలా ఏళ్లపాటు కాంగ్రెస్ అందులో కొంతే విదిల్చేది. 2020లో గ్రేట్ అమెరికన్ అవుట్‌డోర్స్ యాక్ట్ వచ్చాక ఆ మొత్తం ఏటా ఇవ్వాల్సిందే అయింది. అందులో ఒక వాటా నేషనల్ పార్క్ సర్వీస్ ద్వారా రాష్ట్రాలకు, అక్కణ్నుంచి సిటీలకు, కౌంటీలకు చేరుతుంది. కాబట్టి అప్లికేషన్ పెట్టాల్సింది మీ సిటీయో కౌంటీయో. మీ పని వాళ్లను ఒప్పించడం, ఆ తర్వాత విసుక్కోకుండా వెంటపడడం.

రెండోది రిక్రియేషనల్ ట్రెయిల్స్ ప్రోగ్రామ్. ఇది ఫెడరల్ హైవే శాఖది. డర్ట్ బైకులు, స్నోమొబైళ్లు రోడ్డెక్కకుండా తిరుగుతూ తాగే పెట్రోల్ మీద పన్ను పడుతుంది కదా, దాన్ని మళ్లీ దారులకే పెట్టాలన్న ఆలోచనతో పుట్టింది. అందుకే 30 శాతం మోటారు బళ్ల దారులకు, 30 శాతం నడక, సైకిల్, గుర్రాల లాంటివాటికి, 40 శాతం రకరకాలవాళ్లు కలిసి వాడుకునే దారులకు అని పంచారు. కొన్ని రాష్ట్రాల్లో రిజిస్టరైన నాన్‌ప్రాఫిట్లు కూడా దీనికి నేరుగా అప్లై చేయొచ్చు. మీలాంటి చిన్న గుంపుకి నేనైతే ఇదే ముందు చూడమంటాను.

ఎంత ఇస్తారంటే, మొదటిదాంట్లో మామూలుగా ఖర్చులో సగం దాకా, రెండోదాంట్లో 80 శాతం దాకా. మిగతాది మీవైపు నుంచి రావాలి, దాన్నే మ్యాచ్ అంటారు. పైగా ఎక్కువగా ఇది రీయింబర్స్‌మెంట్ పద్ధతి. అంటే పని చేయించి, బిల్లు కట్టి, రసీదులు పంపితే అప్పుడు డబ్బు వస్తుంది. మా సిటీ ఫైనాన్స్ ఆవిడ మొదటి మీటింగ్‌లో అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, "ఆర్నెల్లపాటు ఈ డబ్బు ముందుగా చేతినుంచి ఎవరు పెడతారు?" మేం ముఖాలు చూసుకున్నాం.

మ్యాచ్ అంతా నగదే కానక్కర్లేదు. దానమిచ్చిన సామాను, వాలంటీర్ల శ్రమ కూడా లెక్కకొస్తాయి. ఇక్కడే మేం దెబ్బ తిన్నాం. ఒక శనివారం నలభై మందిమి చేరి ముళ్లపొదలు కొట్టాం. ఒళ్లు హూనమైంది కానీ అందరం మహా హుషారుగా ఉన్నాం. తీరా చూస్తే ఆ గంటలు ఒక్కటీ లెక్కలోకి రాలేదు. సంతకాల కాగితం పెట్టలేదు సరే, అసలు గ్రాంట్ ఒప్పందం మీద సంతకాలు కాకముందే పని మొదలుపెట్టాం! ప్లానింగ్, డిజైన్ లాంటి ముందస్తు ఖర్చులు కొన్ని ఒప్పుకుంటారు గానీ, ఆమోదం రాకముందు చేసిన నిర్మాణం పని మాత్రం మీ ఖాతాలోనే పోతుంది.

ఇంతకంటే పెద్ద తలనొప్పి నేల. మా మొదటి అప్లికేషన్ నిండా పక్షులు, సూర్యోదయాలు, పిల్లల ఫొటోలు. రిజెక్ట్ అయింది. రాష్ట్రం అధికారిని అడిగితే ఆయన చాలా మర్యాదగా ఒక మ్యాప్ తీసి, "మధ్యలో ఈ ముక్క ఎవరిది?" అన్నాడు. మాలో ఎవరికీ తెలీదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మా పని. ఆ ముక్క ఒక ప్రైవేటు యజమానిది. ఆయన దగ్గర శాశ్వత ఈజ్‌మెంట్, అంటే నేల ఆయనదే అయినా దాని మీదుగా దారి వాడుకునే హక్కు, రాయించుకోవడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అప్లికేషన్లకు మార్కులేసే సంగతి కూడా ఆ రాష్ట్రం అధికారే చెప్పాడు. ప్రతి రాష్ట్రానికీ ఒక అవుట్‌డోర్ రిక్రియేషన్ ప్లాన్ ఉంటుంది. మన ప్రాజెక్ట్ అందులోని ఏ అవసరాన్ని తీరుస్తుందో చూసి మార్కులేస్తారు. రెండోసారి ఫొటోలు తగ్గించి, ఆ ప్లాన్‌లోని మాటలే పట్టుకుని రాశాం. వచ్చింది.

సిటీ వాళ్లు ఎందుకు జంకుతారో కూడా తెలుసుకుని వెళ్లండి. మొదటి ఫండ్ చట్టంలో సెక్షన్ 6 ఎఫ్ అని ఒకటుంది. ఆ డబ్బు ఒకసారి తగిలితే ఆ స్థలం ఎప్పటికీ ప్రజల ఆటపాటలకే ఉండాలి. వేరే పనికి వాడాలంటే నేషనల్ పార్క్ సర్వీస్ ఒప్పుకోవాలి, కనీసం అంతే విలువైన, అంతే పనికొచ్చే వేరే స్థలం చూపించాలి. మామూలుగా ఈ కట్టుబాటు డబ్బు పెట్టిన మూలకు కాదు, పార్కు మొత్తానికి పడుతుంది. రేపు ఫైర్ స్టేషన్ కట్టాలన్నా, సెల్ టవర్‌కి లీజుకివ్వాలన్నా చిక్కే. మా కౌన్సిల్‌లో ఒకాయన దీనికే అడ్డం పడ్డాడు. నాకైతే ఈ పథకం మొత్తంలో నచ్చేదే ఆ షరతు. కానీ ఆయన భయంలోనూ అర్థముంది, కాబట్టి ఈ కట్టుబాటు ఎక్కడిదాకా పడుతుందో చూపే హద్దుల మ్యాప్ గీసేటప్పుడు పక్కన కూర్చోండి.

గరాజ్ మీటింగ్ నుంచి దారి మీద నడిచేదాకా మాకు నాలుగేళ్లు పట్టింది. టెన్షన్ పడకండి, మీకు ఇంత పట్టకపోవచ్చు. ఈ వారం కౌంటీ ప్రాపర్టీ రికార్డుల్లో ఆ వాగు గట్టు ఎవరి పేరున ఉందో చూసి, మీ రాష్ట్రం పేరుతో పాటు ఇక్కడ రాయండి. అది మీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) కామన్ ఏరియా అని తేలితే మాత్రం, అప్లికేషన్ కంటే ముందు మీ బోర్డు మీటింగ్‌లో పెద్ద పంచాయితీ ఉంటుంది.