ఏడో తరగతి పిల్లవాడు కుక్కను చూసుకోగలడా?

ఏడో తరగతి చదివే మీ అబ్బాయి కుక్కపిల్ల కావాలని పట్టుబడుతున్నాడని, దాని పనులన్నీ తానే చూసుకుంటానని అంటున్నాడని, ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చునని మీరు అడిగారు. పనులు చేస్తాడని నమ్మవచ్చు. బాధ్యత మాత్రం కుక్కపిల్ల గడప దాటి లోపలికి వచ్చిన రోజు నుంచీ మీదే అవుతుంది. నల్లగొండలో ఇద్దరు పిల్లల మధ్య ఒక నాటు కుక్కను పెంచిన అనుభవంతో ఈ జవాబు రాస్తున్నాను.

పిల్లల చేతికి జీవాలను అప్పగించడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. మహబూబ్‌నగర్ వైపు గొర్రెల కాపరుల ఇళ్లలో, తల్లి గొర్రెలు మేతకు పోయాక దొడ్డిలో మిగిలిన గొర్రెపిల్లలకు ఆకు కొమ్మలు కట్టడం, తొట్టిలో నీళ్లు నింపడం, సాయంత్రం మంద తిరిగి రాగానే ఏ పిల్ల ఏ తల్లిదో పోల్చుకుని విడవడం పదేళ్ల పిల్లలు కూడా చక్కగా చేస్తారు. అయితే నట్టల మందు ఎప్పుడు తాగించాలో, జబ్బు చేసిన జీవాన్ని ఎప్పుడు వేరు చేయాలో నిర్ణయించేది పెద్దలే. పిల్లవాడు ఒక పూట ఆటలో పడి మరచిపోయినా గొర్రెపిల్ల దాహంతో మిగిలిపోదు, ఎందుకంటే పెద్దవారి కన్ను ఎప్పుడూ దొడ్డి మీద ఉంటుంది. మీ ఇంట్లోనూ ఇటువంటి ఏర్పాటే కావాలి.

మా ఇంట్లో కుక్కపిల్ల రాకముందే నా భార్య, చివరికి తన మీద పడేటట్లయితే అసలు వద్దని తేల్చి చెప్పింది. పిల్లల ముచ్చట తీరిన తరువాత గిన్నె కడగడం, మలం ఎత్తడం చాలా ఇళ్లలో తల్లి పనులైపోతాయి కనుక ఆమె మాట న్యాయమైనదే. అందువల్ల పొద్దున నీళ్లు మార్చడం, గోమార్ల కోసం ఒళ్లు వెతికి చూడడం మా అమ్మాయికి, పొద్దు గుంకిన తరువాత తిప్పడం మా అబ్బాయికి, స్నానం, టీకాలు, ఖర్చు నాకు అని పంచుకున్నాము. రాత్రి పడుకునే ముందు నీళ్ల తొట్టినీ, అన్నం గిన్నెనూ నేను ఒకసారి చూసేవాడిని. తొట్టి ఎండిపోయి ఉంటే ముందు నేనే నింపి, ఆ తరువాతే మా అమ్మాయికి గుర్తు చేసేవాడిని. పిల్లలకు బుద్ధి రావాలని కుక్కను పస్తు పెట్టకూడదన్నది నా గట్టి అభిప్రాయం. మే నెలలో నల్లగొండ ఎండ 45 డిగ్రీలకు చేరినప్పుడు ఒక్క మధ్యాహ్నం నీళ్లు లేకపోయినా దాని ప్రాణం మీదికి వస్తుంది. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడం ద్వారానే ప్రధానంగా ఒంటి వేడి తగ్గించుకుంటుంది. బయటికి తీసుకుపోయే ముందు సిమెంటు రోడ్డు మీద చేతి వెనుక భాగం ఆనించి చూడడం మా అబ్బాయికి అలవాటు చేశాను.

గమనించడంలో మాత్రం పిల్లలు మనకన్నా ముందుంటారు. మా అమ్మాయికి తొమ్మిదేళ్లున్నప్పుడు, కుక్క గిన్నెలో పెరుగన్నం తిని ఉడికిన గుడ్డును వదిలేయడం ఆమె ఒక్కతే చూసింది. కుక్క పెదవి పైకెత్తి చూసి, "నాయినా, దీని చిగుళ్లు తెల్లగయినయి" అని నన్ను పిలిచింది. కాలి వేళ్ల సందుల్లో, చెవుల లోపల గోమార్లు పట్టి ఉన్నాయి. పశువైద్యులు రక్తం పరీక్ష చేయించి గోమార్ల వల్ల వచ్చే జ్వరమని చెప్పి మందులు రాశారు, కుక్క కోలుకుంది. గుడ్డు వదిలేయడం నా కంట పడి ఉంటే ఎండకు తినలేదని అనుకునేవాడిని. రోజూ దాని పక్కన కూర్చునే పిల్లకు మాత్రమే ఆ తేడా తెలిసింది. అయినా దాన్ని ఆసుపత్రికి తీసుకుపోవడం, డబ్బు కట్టడం, మందు పూర్తయ్యే వరకు ఇప్పించడం తొమ్మిదేళ్ల పిల్ల వల్ల అయ్యే పనులు కావు.

పెద్దలు చేయి వదలకూడనివి మరికొన్ని ఉన్నాయి. పలు జబ్బులకు కలిపి వేసే మిశ్రమ టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, 16 వారాలు నిండే వరకు మూడు నాలుగు వారాలకొకసారి పడాలి. రేబిస్ టీకా మూడు నెలలకు వేయించి, తరువాత పశువైద్యులు చెప్పిన గడువు తప్పకుండా మళ్లీ వేయించాలి. ఉల్లిగడ్డ, చాక్లెట్, కిస్‌మిస్ కుక్కకు విషమని ఇంటికి వచ్చే పిల్లలందరికీ చెప్పాలి, ఎందుకంటే కంచంలో మిగిలిన కూర అన్నం ప్రేమతోనే దాని ముందు పెడతారు. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, కుక్క గీరినా కరిచినా తిట్టరన్న నమ్మకం పిల్లలకు ఉండాలి. రేబిస్ అనుమానమున్న జంతువుల కాటుకు గురయ్యేవారిలో దాదాపు 40 శాతం మంది 15 ఏళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తిట్లకు భయపడి గాయాన్ని దాచిపెట్టే పిల్ల చాలా ప్రమాదంలో ఉన్నట్టే. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి పోవాలని వారికి నోటికి వచ్చేలా నేర్పండి.

మీరు బహుశా ఆలోచించని విషయం కాలం. కుక్క పది పన్నెండేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే బతుకుతుంది. మన జిల్లాల్లో పదో తరగతి అయిపోగానే ఇంటర్‌కు పిల్లలు హైదరాబాద్ హాస్టళ్లకు పోవడం మామూలే. మా అబ్బాయి పోయినప్పుడు అతని పని మా అమ్మాయి తీసుకుంది, ఆమె కూడా పోయాక అంతా నాకు వచ్చింది. అందుకు నేను ముందే సిద్ధపడి ఉన్నాను కనుక కుక్కకు ఏ లోటూ రాలేదు. సిద్ధపడని ఇళ్లవారు కుక్కను ఊరి చివర వదిలి వస్తున్నారు, అది చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం, ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును అకారణంగా వదిలేయడం నేరం కూడా. ఇంగ్లండ్‌లో 2006లో చేసిన జంతు సంక్షేమ చట్టం, 16 ఏళ్లలోపు వారి దగ్గర ఉన్న జంతువుకు వారి సంరక్షకులే బాధ్యులని నేరుగా రాసింది. నాకు అది ఎంతో సరైన నియమంగా కనిపిస్తుంది. కుక్క వద్దనుకుని రామచిలుకను తెచ్చే ఆలోచన ఉంటే మానుకోండి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానిని పంజరంలో పెంచడానికి ఒప్పుకోదు.

కనుక మీ అబ్బాయి ఇంటర్‌కు పోయిన ఏడాది ఆ కుక్కకు పొద్దున నీళ్లు ఎవరు పోస్తారో ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి. పెద్దవారిలో ఒకరు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే, తల్లి దగ్గర కనీసం ఎనిమిది వారాలు పెరిగిన నాటు కుక్కపిల్లనే తెచ్చుకోండి, మంచు దేశాల జాతి కుక్కలు మన ఎండకు తట్టుకోలేవు. ఎవరూ ఒప్పుకోకపోతే ఇప్పటికి ఆగి, ఈ వేసవిలో గేటు బయట ఒక సిమెంటు తొట్టి పెట్టించి, వాడకుక్కల కోసం దాన్ని రోజూ కడిగి నింపే పని మీ అబ్బాయికి ఇవ్వండి.