స్కూలు మార్చడం గురించి ఇప్పుడే ఆలోచించకండి

అమెరికాలోని అయోవాలో క్లాసు మొత్తానికి మీ పాప ఒక్కతే భారతీయురాలని, ప్రాణ స్నేహితురాలు "మా మమ్మీ నీతో ఆడొద్దంది" అన్నప్పటి నుంచి స్కూలంటేనే ఏడుస్తోందని, స్కూలు మార్చాలా అని అడుగుతూ రాశారు. చదివి మనసు చివుక్కుమందండి.

1960లో న్యూ ఆర్లీన్స్‌లో తెల్లవాళ్ల బడిలో చేరిన ఆరేళ్ల నల్లజాతి పాప రూబీ బ్రిడ్జెస్‌కూ ఓ పిల్లాడు ఇదే మాట చెప్పాడు. తన రంగే కారణమని అప్పుడే అర్థమైందని ఆవిడ పెద్దయ్యాక చెప్పారు. మీ పాప మనసులో అలాంటిది పడకముందే, "నీ తప్పేం లేదు" అని ఈ రోజే చెప్పండి.

ఆ స్నేహితురాలి తల్లితో నేరుగా మాట్లాడండి. ముందే నింద వేయకండి, కారణం ఇంకేదైనా కావచ్చు. "ఇద్దరూ బాగా ఆడుకునేవారు కదా, ఏమైనా జరిగిందా?" అని అడిగి, శనివారం పార్కుకి రమ్మనండి. మొదటిసారే ఇంటికి పిలిస్తే వాళ్లకీ మొహమాటం.

రంగు గురించి ఎవరైనా అంటే మాత్రం ఊరుకోవద్దు. తేదీ వేసి, అన్న మాట అన్నట్టే రాసి టీచర్‌కు, ప్రిన్సిపాల్‌కు ఈమెయిల్ పెట్టండి. ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) నిధులు తీసుకునే బడి జాతి వేధింపును పట్టించుకోకపోతే 1964 పౌరహక్కుల చట్టం కింద ఫిర్యాదు చేయొచ్చు. ఈలోగా లంచ్‌లో పాప పక్కన ఇంకో పిల్లను కూర్చోబెట్టమని టీచర్‌ను అడగండి.