లాబ్రడార్ పిల్లకు ఏ ఆహారం మంచిది? సంచి వెనక వైపు చదవండి

50 రోజుల లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నారు. ఇంట్లో పెద్దవాళ్లు పెరుగన్నం చాలంటున్నారు, దుకాణంవాళ్లు రకరకాల సంచులు చూపిస్తున్నారు, మంచి ఆహారాన్ని ఎలా గుర్తుపట్టాలి అని మీరు అడిగారు. పెరుగన్నం మీద నమ్మకంతోనే నేను మా కుక్కపిల్ల లడ్డు కాళ్లు పాడుచేశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

2019లో వాణ్ని రాజమహేంద్రవరంలోని మా ఇంటికి తెచ్చినప్పుడు మాకు తెలిసింది ఒకటే, కడుపునిండా పెట్టాలి. పొద్దున పెరుగన్నం, మధ్యాహ్నం ఎముకలు తీసేసి ఉడికించిన కోడిమాంసంతో అన్నం, రాత్రి మళ్లీ అదే. ఎముక గొంతులో గుచ్చుకుంటుందని మా అమ్మ ఒక్కో ముక్కనూ వేళ్లతో నలిపి చూసేది. వాడు బొద్దుగా పెరిగాడు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

నాలుగో నెలలో ఒక సాయంత్రం అమ్మ వంటింట్లో గిన్నె చప్పుడు చేసింది. ఆ చప్పుడు వినగానే గడప దూకి వచ్చేవాడు, ఆ రోజు రాలేదు. వెళ్లి చూస్తే వసారాలో పడుకుని తోక మాత్రం ఆడిస్తున్నాడు. లేపి నిలబెడితే ముందు పాదాలు బాతు పాదాల్లా పరుచుకున్నాయి. రెండడుగులు వేసి మూలిగి కూలబడ్డాడు. పిల్లకు ఆకలి, పది అడుగుల దూరంలో గిన్నె, అక్కడికి వెళ్లలేకపోతున్నాడు. ఆ రాత్రి గిన్నె వాడి మూతి దగ్గర నేనే పట్టుకున్నాను.

మర్నాడు డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి చూపించారు. ఎముక తెల్లగా, దిట్టంగా కనిపించాలట. లడ్డు కాళ్లలో అది పొగమంచులా ఉంది. రోజూ ఏం పెడుతున్నారని అడిగితే అంతా చెప్పాను. "కండకు బాగానే పెట్టారు. మరి ఎముకకు ఏం పెట్టారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

మాంసంలో భాస్వరం దండిగా ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. అన్నంలోనూ చాలా తక్కువ. గరిటెడు పెరుగు ఆ లోటు పూడ్చలేదు. రక్తంలో కాల్షియం తగ్గితే శరీరం సొంత ఎముకల్లోంచే తోడుకుంటుంది. పుట్టినప్పుడు అరకిలో కూడా ఉండని ఈ జాతి పిల్ల ఏడాది తిరిగేసరికి 25, 30 కిలోలకు చేరుతుంది. "ఊరకుక్కలు గంజి తాగి పెరగలేదా" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఊరకుక్క నాలుగు వీధులూ తిరిగి ఎముకలూ చేపతలలూ వెతుక్కుంటుంది. మన గేటు లోపలి పిల్లకు మన గిన్నే దిక్కు. పైగా మనం చూసేది బతికి బట్టకట్టిన ఊరకుక్కలనే, పోయిన పిల్లలను ఎవరు లెక్కపెట్టారు?

లడ్డుకు ఆహారం మార్చడమే ప్రధాన వైద్యమైంది. నెల రోజులు గెంతకుండా చిన్న చోట ఉంచి, పెరట్లోకి నేనే ఎత్తుకెళ్లాను. ఆరు వారాలకు మళ్లీ పరుగెత్తాడు. ఎడమ ముందు పాదం మాత్రం ఇప్పటికీ కాస్త బయటికి తిరిగే ఉంటుంది.

కాబట్టి కొనేటప్పుడు సంచి మీద బొమ్మలు వదిలేసి వెనక్కి తిప్పండి. అది సంపూర్ణ సమతుల ఆహారమనీ, ఎదిగే పిల్లల కోసమనీ స్పష్టంగా రాసి ఉండాలి. అమెరికాలో జంతువుల ఆహారానికి ప్రమాణాలు రాసే అధికారుల సంఘం ఆఫ్కో (AAFCO). దాని ప్రమాణాలను ఇక్కడ దొరికే కొన్ని సంచుల మీదా పేర్కొంటారు. తేమ తీసేసిన లెక్కలో ఎదిగే పిల్లలకు ప్రొటీన్ కనీసం 22.5 శాతం ఉండాలని, ఎదిగిన కుక్కలకు 18 శాతమని అవి చెబుతాయి. పెద్ద జాతుల పిల్లలకు కాల్షియం 1.8 శాతం మించకూడదు. మీది లాబ్రడార్ కనుక పెద్ద జాతుల పిల్లల కోసం చేసిన సంచే తీసుకోండి. అన్నిటికన్నా ఖరీదైనదే కొనాలని నేను అనను.

నా అనుభవం చదివి కాల్షియం సిరప్ మాత్రం పోయకండి. మా పక్కింటివారు తమ గ్రేట్ డేన్ పిల్లకు మంచి ఆహారంతో పాటు అదీ పోస్తుంటే నేను వెళ్లి ఆపించాను. ఆరు నెలల లోపు పిల్ల పేగులు ఎక్కువైన కాల్షియాన్ని అడ్డుకోలేవు. పెద్ద జాతుల్లో దానివల్ల కూడా ఎముకలు వంకరపోతాయి.

సంచి విప్పి కిలోల లెక్కన తూచి అమ్మే ఆహారం ఎంత చవకైనా వద్దు. దాని మీద తయారీ తేదీ ఉండదు, ఏ వయసుకో తెలియదు. గోదావరి తీరంలో వానాకాలం తేమకు అందులోని కొవ్వు ముక్కిపోతుంది, బూజు పడుతుంది. ఒకసారి ఒక దుకాణంలో అడుగున మిగిలిన పొడిని కూడా తూకంలో వేశారు. గేదెపాలు కూడా వద్దు, విరేచనాలు పట్టుకుంటాయి.

మీకు ఆ పిల్లను 50 రోజులకే ఇచ్చినవారి మీద నాకు కోపంగా ఉంది. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లిపాలు వదిలి ఇంకా కుదురుకోని కడుపు అది. అందుకని అక్కడ ఏం పెట్టేవారో ఈరోజే ఫోను చేసి అడగండి. కొన్నాళ్లు అదే పెట్టి, కొత్తది పావువంతుతో మొదలుపెట్టి వారం రోజుల్లో పూర్తిగా మార్చండి. ఇప్పుడు రోజుకు నాలుగుసార్లు, కొంచెం కొంచెంగా పెట్టాలి. గుళికలను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. సంచి కొనేముందు దాని వెనక వైపు ఫొటో ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను.