కొనబోయే ఇల్లు: రంగు కింద ఏముందో చూపించుకోండి

ఇళ్ల తనిఖీ గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు మా సివిల్ ఇంజనీర్ల జవాబులు

ప్రశ్న: కర్నూలు పాతబస్తీలో 2004లో కట్టిన ఇల్లు బేరం కుదిరింది. కింద ఒక పోర్షన్, పైన ఒకటి. అమ్మేవాళ్లు ఈమధ్యే రంగులు వేయించారు. బ్యాంకు వాల్యూయర్ వచ్చి చూశారు, లోను వస్తుందన్నారు. ఇంకా వేరే ఇంజనీరుతో చూపించుకోవాలా? ఎవరిని పిలవాలి?
— పాఠకుడు, కర్నూలు

జవాబు: తప్పకుండా చూపించుకోండి. బ్యాంకు వాల్యూయర్ పని వేరు. ఈ ఆస్తి ఎంత పలుకుతుంది, రేపు అమ్మాల్సి వస్తే బ్యాంకు అప్పు తిరిగొస్తుందా అన్నది ఆయన లెక్క. స్లాబులో కడ్డీలు తుప్పుపట్టాయా అన్నది ఆయన తేల్చరు.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇళ్ల తనిఖీదారులకు ప్రత్యేక లైసెన్సు ఉంటుంది. మన దగ్గర అలాంటిది లేదు. అందుకే ఎవరైనా ‘ఇన్‌స్పెక్టర్’ అని చెప్పుకోవచ్చు. స్ట్రక్చరల్ డిజైన్ తెలిసిన సివిల్ ఇంజనీరును వెతకండి. మున్సిపల్ లైసెన్సు ఉన్న ఎల్‌టీపీలలో (లైసెన్స్డ్ టెక్నికల్ పర్సన్లలో) ఎక్కువమంది ప్లాన్లు గీసి అనుమతులు తెప్పించే పనిలో ఉంటారు కాబట్టి, పాత కట్టడాలను పరీక్షించిన అనుభవం ఉందా అని విడిగా అడగండి. గతంలో రాసిన రిపోర్టు ఒకటి చూపించమనండి. అమ్మేవాళ్లు గానీ మధ్యవర్తి గానీ తెచ్చిన మనిషి వద్దు. ‘రిపేరు కాంట్రాక్టు నాకే ఇవ్వండి’ అనే మనిషి అసలే వద్దు, ఎందుకంటే ఆయనకు పగులు ఎంత పెద్దదైతే అంత లాభం. ఫీజు మాట్లాడేటప్పుడు రాకకు ఎంత, పరీక్షలకు ఎంత, రాతపూర్వక రిపోర్టుకు ఎంత అన్నది విడివిడిగా తేల్చుకోండి. ఇదంతా అడ్వాన్సు ఇవ్వకముందే జరగాలి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, తనిఖీలో నిర్మాణ లోపం బయటపడితే డబ్బు వాపసు ఇస్తామన్న మాట అగ్రిమెంటులో రాయించుకోండి.

మీ ఇంటి విషయంలో మొదటి ప్రశ్న 2009 అక్టోబరు వరద. తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పటికి ఆ ఇల్లు కట్టి ఐదేళ్లు. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో, ఎన్ని రోజులు నిలిచాయో పక్కింటివాళ్లను అడగండి, చాలామందికి అడుగుల లెక్కన గుర్తుంటుంది. నిలిచిన నీళ్లు పునాదుల మధ్య నింపిన మట్టిని కుదేస్తాయి, కొన్నిచోట్ల లాక్కుపోతాయి. అప్పుడు నాపబండల కింద ఖాళీ మిగులుతుంది. కర్రతో గదంతా తట్టుకుంటూ వెళితే డొల్ల శబ్దం వచ్చేచోటు తెలిసిపోతుంది. గోడ అడుగున మూడు నాలుగడుగుల దాకా ఒకే మట్టంలో ప్లాస్టరు కొత్తగా ఉంటే ఎందుకు మార్చారో అడగండి.

ఇక రంగు సంగతి. రంగులేసేవాళ్లు చేయి పెట్టని చోట్లే నిజం చెబుతాయి: అటక లోపల, మెట్ల కింద, సజ్జ అడుగుభాగం, ఓవర్‌హెడ్ ట్యాంకు దిమ్మె, సంపు మూత లోపలివైపు, పైపోర్షన్ బాత్రూము కిందికి వచ్చే స్లాబు. అక్కడ కడ్డీ పోయిన దారి వెంబడే సన్నని గీతలా పగులు, గోధుమ రంగు మరక ఉంటే లోపల తుప్పు మొదలైనట్టే. తుప్పు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి కాంక్రీటును లోపలినుంచి తోసి పెచ్చులు ఊడగొడుతుంది. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐ.ఎస్. 456 ప్రకారం కడ్డీపైన స్లాబులో కనీసం 20 మి.మీ., పిల్లర్లో 40 మి.మీ. కవర్, అంటే కడ్డీని కప్పే కాంక్రీటు మందం, ఉండాలి. చాలా ఇళ్లలో సజ్జల్లో అంత ఉండదు, అందుకే సజ్జలే ముందు రాలతాయి.

పరీక్షల్లో రీబౌండ్ హ్యామర్ (కాంక్రీటు మీద కొట్టి చూసే సుత్తిలాంటి పరికరం) పేరు మీరు ఎక్కువగా వింటారు. అది కాంక్రీటు పైపొర గట్టిదనాన్నే చెబుతుంది, బలం అంచనాలో 25 శాతం దాకా అటూ ఇటూ కావచ్చు. పైగా ప్లాస్టరు మీద కొడితే ఆ అంకెకు అర్థమే లేదు. ప్లాస్టరు చెక్కి, కాంక్రీటు నున్నగా చేసి కొట్టాలి. ఇరవై ఏళ్లు దాటిన ఇంటికి మా దృష్టిలో అంతకంటే విలువైనది కార్బొనేషన్ పరీక్ష, అంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల కాంక్రీటు కడ్డీని కాపాడే గుణం ఎంత లోతుదాకా పోగొట్టుకుందో చూడడం. కాంక్రీటును చిన్నగా పగలగొట్టి, తాజా ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ అనే రసాయనం చల్లుతారు. గులాబీ రంగుకు మారిన భాగంలో కడ్డీకి ఇంకా రక్షణ ఉంది. రంగు మారని పొర కడ్డీ దాకా చేరితే, చెమ్మ తగిలినచోట తుప్పుకు అడ్డు లేదు. ఖర్చు తక్కువ, పది నిమిషాల పని. సజ్జలో ఒకచోట, బాత్రూము కింది స్లాబులో ఒకచోట, నేలకు దగ్గరగా పిల్లర్లో ఒకచోట చేయించండి. ఇంటి యజమాని ఒప్పుకోవాలి, చెక్కినచోట పూడ్చి ఇస్తామని ముందే చెప్పండి.

ప్రశ్న: ఆదోని దగ్గర నల్లరేగడి నేలలో ఇల్లు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వచ్చాయి. ఎండాకాలంలో వెడల్పవుతాయి, వానల్లో మూసుకుంటాయి. బేల్దారి మేస్త్రీ పుట్టీ పెట్టి రంగేస్తే చాలంటున్నాడు. చూడ్డానికి వచ్చిన ఇంజనీరు ‘సెటిల్‌మెంట్’ అని ఒక్కమాట రాసి వెళ్లిపోయారు.
— పాఠకురాలు, ఆదోని

జవాబు: అమ్మా, ఒక్కమాట రిపోర్టుకు డబ్బు ఇవ్వక్కర్లేదు. రిపోర్టులో పగులు ఎక్కడుంది, ఎంత వెడల్పు, ఎందుకొచ్చింది, వదిలేస్తే ఏమవుతుంది, బాగుచేయడానికి ఏం చేయాలి అన్నవన్నీ ఉండాలి. ముఖ్యంగా ‘ఎందుకు’ అన్నది.

మీరు రాసిన లక్షణమే సగం జవాబు చెబుతోంది. సెటిల్‌మెంట్, అంటే పునాది కుంగడం, వల్ల వచ్చిన పగులు వానలకు మూసుకోదు. రుతువును బట్టి తెరుచుకుని మూసుకుంటోందంటే నేల ఉబ్బి, కుంచించుకుపోతోందన్నమాట. నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలు విచ్చుతుంది. ఇంటి నడుమ నేల ఏడాదంతా ఇంచుమించు ఒకే చెమ్మలో ఉంటుంది, బయటి గోడల కింద నేల మాత్రం ఎండకూ వానకూ మారుతుంది. ఆ తేడాకు గోడ మెలిపడి, బలహీనమైన చోట, అంటే కిటికీ, తలుపు మూలల్లో, చీలుతుంది. పుట్టీ పెడితే వచ్చే ఎండాకాలానికి పక్కనే ఇంకో గీత వస్తుంది.

ముందు కొలవండి. పగులుకు అటూ ఇటూ పెన్సిల్‌తో రెండు గుర్తులు పెట్టి, వాటి మధ్య దూరం, తేదీ గోడమీదే రాయండి. మే, ఆగస్టు, నవంబరుల్లో మళ్లీ కొలవండి. 0.3 మి.మీ. లోపు వెంట్రుకవాసి గీతలు ఎక్కువగా ప్లాస్టరువి. 3 మి.మీ. దాటి, గోడకు రెండువైపులా కనిపిస్తూ, ఏటేటా పెరుగుతుంటే ఆలస్యం చేయకండి.

తర్వాత నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో వెతకండి. మిద్దె మీది వాన నీళ్ల గొట్టం నేరుగా గోడ మొదట్లో పడుతోందా? ఇంకుడుగుంత పునాదికి ఆనుకుని ఉందా? స్నానాల గది మోరీ కారుతోందా? గోడ పక్కనే పెద్ద వేపచెట్టు ఉందా? చెట్టు ఎండాకాలంలో నేలలో చెమ్మ లాగేస్తుంది. ఈ నాలుగూ సరిచేస్తే చాలా ఇళ్లలో కదలిక తగ్గిపోతుంది. ఇంటి చుట్టూ కనీసం నాలుగడుగుల వెడల్పు ఆప్రాన్ (గోడకు ఆనుకుని నేలమీద వేసే చప్టా) బయటికి వాలుతో వేయించండి. అప్పటికీ కదులుతుంటే పునాది తవ్వి చూడాలి. ఒకచోట గోడ పక్కన గుంత తీసి, పునాది ఎంత లోతుకు వెళ్లింది, ప్లింతు బీము (పునాదిపైన, గోడల కింద పోసే కాంక్రీటు దూలం) ఉందా లేదా చూపించమనండి. ఆదోనిలో కొత్తగా కట్టేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ నేలలో అండర్‌రీమ్డ్ పైల్స్ (లోతుగా దిగి, అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాల పునాది) లేదా ఉబ్బని ఎర్రమొరం పరుపు గురించి పునాది తీయకముందే ఇంజనీరుతో మాట్లాడండి. తర్వాత వేయించాలంటే చాలా ఖర్చు.

ప్రశ్న: ప్రొద్దుటూరులో తాతలనాటి మట్టిమిద్దె. దూలాలు, దంతెలు, బండలు, పైన చౌడు. కురిసినప్పుడల్లా ఇంకో పొర చౌడు పోయిస్తున్నాం. మిద్దె మీద పలచగా కాంక్రీటు వేస్తే సరిపోతుందా?
— పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: దయచేసి కాంక్రీటు వేయకండి. పదడుగులకు పన్నెండడుగుల గది మీద మూడంగుళాల చౌడు పొడిగా ఉంటేనే 1.3 టన్నుల పైచిలుకు బరువు. ముసురుపట్టి తడిస్తే ఇంకా ఎక్కువ. రెండంగుళాల కాంక్రీటు కూడా ఇంచుమించు అంతే బరువు, పైగా కింది చెమ్మను ఆరనివ్వదు. ఇన్నేళ్లుగా పోసిన పొరలన్నీ కలిపి ఎంత మందమైందో ఒకచోట తవ్వి కొలవండి.

దూలం నడుమ బాగానే కనబడుతుంది. అసలు పుచ్చేది గోడలో దూరిన కొసలు. కొస దగ్గర స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. సులువుగా దిగిపోతే ఆ దూలం అయిపోయినట్టే. చెదలు పెట్టిన మట్టి గొట్టాలు కూడా అక్కడే వెతకండి. అలాంటి దూలం ఒక్కటి కనబడినా ఆ గదిలో పడుకోవడం మానేసి, ఇనుప ప్రాపులు (కింది నుంచి ఆనించే పోటు స్తంభాలు) పెట్టించండి. బండలో అడ్డంగా పగులుంటే అది ముందు హెచ్చరించకుండా విరుగుతుంది. రాతిగోడ మట్టి అడుసుతో కట్టినదైతే, పొట్ట ఉబ్బిందేమో తూకపు గుండుతో చూడండి. చౌడు దించేటప్పుడు కింద ప్రాపులు పెట్టాకే మొదలుపెట్టాలి, రెండువైపుల నుంచీ సమంగా తీయాలి. తీసిన మట్టిని మిద్దె మీదే ఒకచోట కుప్పపోయకూడదు. ఎంత మందం ఉంచొచ్చన్నది దూలం కొలతలు, గోడల మధ్య దూరం చూసి ఇంజనీరు లెక్కకట్టి రాసివ్వాలి.

ప్రశ్న: అనంతపురంలో కొత్త అపార్ట్‌మెంటులో ఫ్లాటు. వచ్చే నెల తాళాలిస్తారు. కొత్తదానికి కూడా తనిఖీ అవసరమా?
— పాఠకురాలు, అనంతపురం

జవాబు: అవసరమే, కానీ చూసేవి వేరు. బాత్రూముల్లో నేల మోరీ మూసి, అంగుళం నీళ్లు నింపి 24 గంటలు ఉంచమనండి. కింది ఫ్లాటు సీలింగులో చెమ్మ కనబడకూడదు. పైఅంతస్తు అయితే మిద్దె మీద కూడా ఇదే పరీక్ష. టైళ్లను నాణెంతో తట్టండి, డొల్ల శబ్దం రాకూడదు. కరెంటు బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో చూసి, దాని టెస్ట్ బటన్ నొక్కండి, వెంటనే పడిపోవాలి. గీజరు, ఏసీ పాయింట్లకు 4 చ.మి.మీ. వైరు లాగారో లేదో ఒక పాయింటు విప్పించి చూడండి. బోరు నీళ్లు ల్యాబులో పరీక్షించండి: తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మి.గ్రా. లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా. అనంతపురం జిల్లాలో ఈ పరీక్ష మానకూడదు.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, తాళాలిచ్చిన నాటినుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపం గానీ పనితనంలో లోపం గానీ బయటపడి మీరు తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఫోన్లో చెప్పి ఊరుకోకండి, ఫొటోలతో, తేదీతో రాసి పంపి, అందినట్టు సంతకం తీసుకోండి.

ప్రశ్న: తనిఖీ రోజు మేమూ ఉండాలా?
— పాఠకుడు, కడప

జవాబు: ఉండండి. అన్ని గదుల తాళాలు, మిద్దె మీదికి నిచ్చెన, టార్చి సిద్ధంగా పెట్టుకోండి. ట్యాంకు ముందురోజే నింపించండి, కరెంటు ఉండేలా చూడండి. వీలైతే మంచి వాన పడిన మరుసటి రోజే పిలవండి. అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పి పావుగంట వదలండి, మోరీలన్నీ లాగుతున్నాయో లేదో అప్పుడే తెలుస్తుంది. ఇంజనీరు ఏ పగులు చూపించినా పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసుకోండి, ఆ ఫొటోలనే రిపోర్టులో నంబర్లతో చేర్చమనండి.