గ్రేడిల్‌లో టెస్టులకు ముందు నడవాల్సిన కోడ్ ఎక్కడ రాయాలి?

జావా ప్రాజెక్టుల్ని బిల్డ్ చేసే గ్రేడిల్ టూల్‌లో, బిల్డ్ స్క్రిప్ట్‌లోని టెస్ట్ బ్లాకులో డేటాబేస్ సిద్ధం చేసే కోడ్ రాస్తే, ఊరికే క్లీన్ (పాత బిల్డ్ ఫైళ్లు తుడిచే కమాండ్) కొట్టినా అది నడుస్తోందని అడిగారు. ఆ బ్లాకులో నేరుగా రాసింది కాన్ఫిగరేషన్ దశలోనే, అంటే టాస్కులు నడపడానికి ముందు గ్రేడిల్ స్క్రిప్ట్ చదివేటప్పుడే, నడిచిపోతుందండి. టెస్టులు నడుస్తాయా లేదా అన్నది ఆ దశకు పట్టదు. టెస్ట్ టాస్క్ నిజంగా నడిచినప్పుడు మాత్రమే, దాని మొదట్లో నడిచే డూఫస్ట్ లోపలికి మారిస్తే ఆ బాధ తీరుతుంది.

కానీ అక్కడితో ఆగకండి. నేను దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే. టెస్ట్ డేటాబేస్ యూఆర్ఎల్‌ని డూఫస్ట్‌లో జావా సిస్టమ్.సెట్‌ప్రాపర్టీతో సెట్ చేశాను. బిల్డ్ లాగ్‌లో ప్రింట్ చేస్తే సరిగ్గానే కనిపించింది. టెస్టులు మాత్రం డిఫాల్ట్‌గా ఉన్న డెవలప్‌మెంట్ డేటాబేస్‌కి వెళ్లి, టేబుళ్లు తుడిచేశాయి. మా టీమ్‌లో ఒకమ్మాయి రెండు రోజులు కూర్చుని ఎక్కించుకున్న డేటా మొత్తం పోయింది. ఆ సాయంత్రం ఆమె ముఖం చూడలేకపోయాను.

చివరికి డూఫస్ట్‌లో ఒకటి, టెస్టులో ఒకటి ప్రాసెస్ ఐడీ ప్రింట్ చేసి చూశాను. రెండు నంబర్లూ వేరు! బిల్డ్ స్క్రిప్ట్ నడిచేది గ్రేడిల్ డీమన్‌లో (వెనక నడుస్తూ ఉండే గ్రేడిల్ ప్రాసెస్), టెస్టులు నడిచేది విడిగా పుట్టే మరో జేవీఎంలో, అంటే జావా కోడ్ నడిపే మరో ప్రాసెస్‌లో. ఇక్కడ మెమరీలో పెట్టింది అక్కడికి చేరదు. టెస్ట్ టాస్క్‌కే ఉన్న సిస్టమ్‌ప్రాపర్టీ, ఎన్విరాన్‌మెంట్ సెట్టింగుల ద్వారా ఇస్తేనే చేరుతుంది.

డేటాబేస్ సృష్టించడం, ఫైళ్లు కాపీ చేయడం లాంటి బయటి పనులైతే స్క్రిప్ట్‌లో హాయిగా చేయొచ్చు. నేనైతే వాటికి విడిగా ఒక టాస్క్ రాసి, టెస్ట్ దాని మీద ఆధారపడేలా డిపెండ్స్‌ఆన్ పెడతాను. విడిగా ఉంటే దాన్నొక్కదాన్నే నడిపి చూసుకోవచ్చు. శుభ్రం చేసే పనిని టాస్క్ చివర్లో నడిచే డూలాస్ట్‌లో పెట్టకండి, టెస్టు ఫెయిలైతే అది నడవదు. దాన్ని విడి టాస్క్‌గా రాసి టెస్ట్‌కి ఫైనలైజ్డ్‌బై పెడితే ఫెయిలైనా నడుస్తుంది.

ఎస్‌క్యూఎల్ ఫైళ్లు రిసోర్సెస్ ఫోల్డర్ బయట ఉంటే వాటిని టెస్ట్ టాస్క్‌కి ఇన్‌పుట్‌గా తప్పక చెప్పండి. లేకపోతే స్కీమా మారినా గ్రేడిల్ ‘అప్ టు డేట్’ అని టెస్టుల్ని వదిలేస్తుంది. కోడ్ రాసే ఎడిటర్ ఇంటెల్లిజే వాడుతుంటే, అందులో టెస్టులు నడిపేది గ్రేడిలేనా, ఇంటెల్లిజేనా అన్నది కూడా సెట్టింగుల్లో చూడండి. ఇంటెల్లిజే అని ఉంటే పైన చెప్పిందేదీ నడవదు.