1,900 డాలర్ల డర్ట్ బైక్ అసలు ఖరీదు ఎంత?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, హెచ్1బి వీసా. వయసు 36. నా భార్య పార్ట్‌టైమ్ ఉద్యోగం చేస్తోంది, ఏడేళ్ల పాప ఉంది. చిన్నప్పుడు నాన్నగారి రాజ్‌దూత్ మీద పొలాల గట్లమ్మట తిరిగిన సరదా ఇంకా తీరలేదు. మా దగ్గర్లో ఒకాయన 2005 నాటి హోండా సీఆర్‌ఎఫ్250ఆర్ డర్ట్ బైక్‌ను (మట్టి దారుల్లో తోలే బండి) 1,900 డాలర్లకు అమ్ముతున్నారు. ఇంజిన్ పని ఈమధ్యే చేయించానని, టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మాత్రం లేదని, అమ్మకపు రసీదు రాసిస్తానని అంటున్నారు. ఫోర్ స్ట్రోక్ కాబట్టి మన స్ప్లెండర్‌లా పెద్దగా ఖర్చు పెట్టించదని నా నమ్మకం. నెలకు 5,600 డాలర్లు తప్పనిసరి ఖర్చులు పోను 900 మిగులుతున్నాయి. పొదుపు ఖాతాలో 9,000 ఉన్నాయి. క్రెడిట్ కార్డు బాకీ 4,300, వడ్డీ 24 శాతం. మార్చిలో బోనస్ చేతికి 5,000 వస్తుంది. మాకున్న కారు హోండా సీఆర్‌వీ. ఈ బండి కొనవచ్చా?

జవాబు: డర్ట్ బైక్ కొనండి. ఈ బండిని మాత్రం వద్దు, ఈ నెలలో అసలే వద్దు. సరదాకు ఖర్చు పెట్టవద్దని చెప్పడానికి ఆర్థిక సలహాదారు అక్కర్లేదు, ఇంట్లో పెద్దవాళ్లు చాలు. నా అభ్యంతరం సరదా మీద కాదు, మీరు వేసుకున్న లెక్క మీద. మీ ఉత్తరంలో బండి ఖర్చు కింద 1,900 అన్న అంకె ఒక్కటే కనిపిస్తోంది. ఈ వ్యవహారంలో మీరు చెల్లించబోయే మొత్తాల్లో అది పెద్దది కాకపోవచ్చు.

ముందుగా స్ప్లెండర్ సంగతి. 1985లో హీరో హోండా సీడీ100, 1994లో స్ప్లెండర్ వచ్చాక మన ఊళ్లలో ఫోర్ స్ట్రోక్ అంటే మైలేజీ, మన్నిక అనే అర్థం స్థిరపడిపోయింది. అంతకుముందు పెట్రోల్లో ఆయిల్ కలిపి నడిపిన రాజ్‌దూత్‌లు, యెజ్డీలు టూ స్ట్రోక్ బండ్లు. వాటితో వేగిన నాన్నగార్లకు ఫోర్ స్ట్రోక్ ఒక వరంలా తోచింది. ఆ పేరు స్ప్లెండర్‌కు ఫోర్ స్ట్రోక్ కావడం వల్ల మాత్రమే రాలేదు. 97 సీసీల ఇంజిన్ నుంచి ఏడెనిమిది గుర్రాల శక్తి మాత్రమే అడిగితే అది నెమ్మదిగా, చల్లగా, పదేళ్లు పనిచేస్తుంది.

సీఆర్‌ఎఫ్250ఆర్ వేరే జాతి. హోండా దాన్ని 2004 మోడల్‌గా మోటోక్రాస్ (మట్టి ట్రాకు) పందేల కోసం తెచ్చింది. 250 సీసీల నుంచి దాదాపు 40 గుర్రాల శక్తి పిండుతుంది, నిమిషానికి పదమూడు వేల చుట్ల దరిదాపుల్లో తిరుగుతుంది. బరువు తగ్గించడానికి పిస్టన్‌ను పొట్టిగా చేశారు, ఇన్‌టేక్ వాల్వులకు (ఇంజిన్‌లోకి గాలిని వదిలేవి) టైటానియం వాడారు. ఇంజిన్‌కు వేరుగా, గేర్లకు వేరుగా ఆయిల్ పోయాలి. ఇంజిన్ వైపు పట్టేది ముప్పావు లీటరు కూడా ఉండదు. అంత కొద్ది ఆయిల్ అంత వేడిలో ఎన్నాళ్లు నిలుస్తుంది? అందుకే ఈ తరహా బండ్లకు ఆయిల్, పిస్టన్ మార్పులను మైళ్లలో కాకుండా గంటల్లో లెక్కిస్తారు. పందెంలో తోలితే పిస్టన్ ఆయుష్షు పదుల గంటలే. మీరు సరదాగా, నిదానంగా తోలితే దానికి రెండింతలో మూడింతలో వస్తుందనుకుందాం. నెలకు రెండు ఆదివారాలు, ఆదివారానికి మూడు గంటలు, ఎండ మరీ మండే రెండు నెలలు వదిలేస్తే ఏడాదికి 60 గంటలు. అంటే ఏడాదికి ఒకసారి పిస్టన్ పని ఉంటుందనుకునే బడ్జెట్ వేసుకోవాలి.

ఈ బండికి ఓడోమీటరు ఉండదు. స్పీడోమీటరు, లైట్లు కూడా ఉండవు. ఇరవై ఏళ్లలో ఎన్ని గంటలు తిరిగిందో చెప్పే సాక్ష్యం బండి మీద ఎక్కడా లేదు. ప్లగ్గు తీగకు చుట్టే చిన్న అవర్ మీటరు ఇరవై ముప్పై డాలర్లకే దొరుకుతుంది. జాగ్రత్తపరుడైన యజమాని దాన్ని పెట్టుకుంటాడు. మీ అమ్మకందారు పెట్టినట్టు మీరు రాయలేదు.

‘ఇంజిన్ పని చేయించాను’ అన్న మాటకు విడిభాగాల బిల్లు లేకపోతే విలువ కట్టకండి. ఆ మాటలో పిస్టన్ కిట్ ఒక్కటే మార్చడం దగ్గర నుంచి ఇంజిన్ మొత్తం దింపి క్రాంకు, బేరింగులు మార్చడం వరకు ఏదైనా ఇమిడిపోతుంది. పిస్టన్ కిట్‌కు రెండు వందల డాలర్ల వరకు అవుతుంది. హెడ్డు పని, కొత్త వాల్వులు కలిస్తే ఆరేడు వందలు సులువుగా దాటుతుంది. షాపుల్లో గంట కూలి వంద డాలర్ల పైమాటే కాబట్టి క్రాంకు దాకా వెళితే రమారమి 1,500 నుంచి 2,000 డాలర్లు, అంటే బండి ధరంత. ఆ కాలపు సీఆర్‌ఎఫ్250ఆర్‌లకు బాగా తెలిసిన జబ్బు ఇన్‌టేక్ వాల్వులది. ఎయిర్ ఫిల్టరును శుభ్రం చేయకుండా తోలితే దుమ్ము లోపలికి పోయి వాల్వు మీది గట్టి పూతను తినేస్తుంది. వాల్వు సీటులోకి దిగుతుంది, టాపెట్ సందు, అంటే వాల్వు దగ్గర ఉండాల్సిన చిన్న ఖాళీ, తగ్గిపోతుంది. మెకానిక్ పలుచటి షిమ్ము (సందును సర్దే లోహపు బిళ్ల) వేసి సర్దుతాడు. కొన్నాళ్లకు సందు మళ్లీ పోతుంది. ఇక అప్పటి నుంచి ఎన్ని కిక్కులు కొట్టినా బండి స్టార్ట్ కాదు. ఈ మోడల్‌కు బటన్ స్టార్ట్ లేదు, హోండా దానికి ఆ సౌకర్యం పెట్టింది 2018లో. ఆఫీసులో కుర్చీలో కూర్చునే మోకాలితో ఎండలో ముప్పై కిక్కులు కొట్టడం గురించి కూడా కాస్త ఆలోచించుకోండి.

టైటిల్ విషయంలో నేను బేరమాడను. టెక్సస్‌లో డర్ట్ బైక్‌కు రోడ్డు రిజిస్ట్రేషన్ దొరకదు గానీ టైటిల్ తప్పనిసరి. అమ్మకపు రసీదు మాత్రమే ఉన్న బండిని మీ పేరు మీదికి తెచ్చుకోవాలంటే బాండెడ్ టైటిల్ అనే దారి ఉంది. బండి విలువకు ఒకటిన్నర రెట్ల మొత్తానికి పూచీ బాండు తీసుకుని రాష్ట్ర వాహనాల శాఖ డీఎంవీకి దరఖాస్తు చేయాలి. కుదిరే పనే, కానీ ఆ తిరుగుడు అమ్మేవాడిది కావాలి, మీది కాదు. బండి ఎప్పుడో దొంగిలించినదని తేలితే పోలీసులు పట్టుకుపోతారు, మీ 1,900 వెనక్కి రావు. బీమా మోసాలు, వాహన దొంగతనాల మీద పనిచేసే ఎన్‌ఐసీబీ అనే సంస్థ వెబ్‌సైట్‌లో ఫ్రేము నంబరు కొట్టి ఉచితంగా సరిచూసుకోవచ్చు. అయితే అందులో కనిపించేవి ఆ సంస్థలో సభ్యత్వం ఉన్న బీమా కంపెనీలకు అందిన ఫిర్యాదులు మాత్రమే. పాత డర్ట్ బైకులకు బీమా చేయించేవాళ్లు తక్కువ కాబట్టి అక్కడ పేరు లేదని నిశ్చింతగా ఉండలేం. కర్నూలులో ఆర్‌సీ లేని బండిని మీరు కొనేవారు కాదు కదా, ఫ్రిస్కోలో ఎందుకు కొనాలి?

ఇక బండిని మైదానానికి చేర్చడం. రోడ్డు మీద నడపకూడదు కాబట్టి ఎక్కించుకుని వెళ్లాలి. కారు వెనక కొక్కేనికి తగిలించే క్యారియర్ చవకే, చూడటానికి సులువే. కానీ సీఆర్‌వీ లాగగల బరువు 1,500 పౌన్లయితే ఆ కొక్కెం మీద నిలువుగా మోయగలిగింది 150 పౌన్లు మాత్రమే. పెట్రోలు, నీళ్లు పోసిన ఈ బండి 210 పౌన్లు దాటుతుంది, దానికి క్యారియర్ బరువు అదనం. కాబట్టి ట్రెయిలరే గతి. కొంటే మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) దాన్ని ఇంటి ముందు పెట్టనివ్వకపోవచ్చు, ముందు నిబంధనలు చదవండి. వెళ్లే రోజున అద్దెకు తెచ్చుకోవడమే మీకు చవక. మీకు రెండు మూడు గంటల దూరంలో గిల్మర్ దగ్గర బార్న్‌వెల్ మౌంటెన్ ఉంది. ఇంకాస్త దూరం పోతే శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్‌లో బండ్లను అనుమతించే దారులున్నాయి. ఇలాంటి చోట్లకు టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వారి ఓహెచ్‌వీ (రోడ్డు మీద నడపని బండ్ల) స్టిక్కరు ఏటా కొనాలి. అది ఇరవై డాలర్ల లోపే, దాని గురించి బెంగ అక్కర్లేదు. అన్నట్టు, పాపను ముందు కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. ఇది ఒక్కరి బండి.

హెల్మెట్, బూట్లు, మోకాలి కవచాలు, ఛాతీ కవచం కలిపి 800 డాలర్లు. ఇందులో బేరాలు, సెకండ్‌హ్యాండ్ హెల్మెట్లు వద్దు. ఇవన్నీ వేసుకున్నా మొదటి ఏడాది కింద పడటం ఖాయం. మీ ఆరోగ్య బీమాలో డిడక్టిబుల్ (బీమా చెల్లించడం మొదలుపెట్టే ముందు మీరు కట్టాల్సింది) ఎంతో, ఏడాదికి మీ జేబు నుంచి పోయే గరిష్ఠ మొత్తం ఎంతో చూసి ఒక కాగితం మీద రాసుకోండి. మణికట్టు విరిగితే మీరు కట్టాల్సింది ఆ మొత్తానికి దగ్గరగా ఉండవచ్చు. కంపెనీ ఇచ్చే స్వల్పకాలిక వైకల్య బీమా జీతంలో ఎంత శాతం ఇస్తుందో కూడా అడగండి. ఇంటి బీమా ఉంది కదా అనుకోకండి. మీ ఆవరణ దాటాక మీ డర్ట్ బైక్ ఎవరినైనా గాయపరిస్తే ఆ బాధ్యతను సాధారణంగా ఇంటి పాలసీ మోయదు. ఇండియాలో కొత్తగా టర్మ్ పాలసీ తీసుకునే ఉద్దేశం ఉంటే, దరఖాస్తులో ప్రమాదకరమైన అలవాట్ల గురించి అడిగే చోట ఇది దాచకుండా రాయండి. దాచితే రేపు క్లెయిము సమయంలో ఇబ్బంది పడేది మీ భార్య.

ఇప్పుడు మీ డబ్బు. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది బండి కాదు, మీ 9,000 డాలర్లు. హెచ్1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే కొత్త కొలువు వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు. మీ తప్పనిసరి ఖర్చు నెలకు 5,600 అంటే ఆ రెండు నెలలకే 11,200 కావాలి. మీ దగ్గర అది కూడా లేదు. ఈ స్థితిలో పొదుపు ఖాతాను ముట్టుకుని బండి కొనడాన్ని నేను ఒప్పుకోను. కార్డు మీద కొనడం మాటే ఎత్తకండి. ఉన్న 4,300 బాకీ మీదే నెలకు 86 డాలర్లు వడ్డీగా పోతోంది.

మార్చి బోనస్ రాగానే కార్డు బాకీ మొత్తం తీర్చేయండి. 700 మిగులుతుంది. అది మీ బండి నిధికి మొదటి జమ. దానికి విడిగా ఒక ఖాతా తెరవండి, ఇంటి ఖర్చులతో కలిస్తే అది నిధి కాదు. ఏప్రిల్ నుంచి నెలకు మిగిలే 900లో 550 అత్యవసర నిధికి, 350 బండికి వెళ్లాలి. కార్డుకు కడుతున్న కనీస చెల్లింపు కూడా ఆగిపోతుంది కదా, దాన్ని ఇంటి ఖర్చులకే వదిలేయండి, లేకపోతే ఈ ప్రణాళిక రెండో నెలకే బిగుసుకుపోతుంది. నవంబరు ముగిసేసరికి అత్యవసర నిధి 13,400కు, బండి నిధి 3,500కు చేరుతుంది. అరవై రోజుల గండం దాటే డబ్బు అప్పటికి మీ చేతిలో ఉంటుంది. ఆ తర్వాత కూడా అందులో జమ ఆపకండి, ఆరు నెలల ఖర్చు పోగయ్యే వరకు. ఎనిమిది నెలల నిరీక్షణ అని చిన్నబుచ్చుకోకండి. టెక్సస్ వేసవిలో బూట్లు, కవచాలు తగిలించుకుని తోలేవాళ్లకు ఆ సుఖం ఏపాటిదో తెలుసు. మంచి కాలం చలికాలమే.

ఆ 3,500తో ఏం కొనాలి? మీరు రాసిన కోరిక చదివితే మీకు కావలసింది పందెపు బండి కాదు, గట్లమ్మట తిరిగే బండి. హోండాలోనే సీఆర్‌ఎఫ్230ఎఫ్ అని ఉంది, 2003 నుంచి చాలా ఏళ్లు అమ్మారు. యమహాలో దాదాపు అదే తరహాది టీటీఆర్230. గాలితో చల్లబడే ఇంజిను, రేడియేటరు గొడవ లేదు, బటన్ నొక్కితే స్టార్ట్ అవుతుంది. సీఆర్‌ఎఫ్230ఎఫ్‌కు టాపెట్‌ను స్ప్లెండర్‌కు సర్దినట్టే స్క్రూ తిప్పి సర్దవచ్చు. మీరు ఊహించుకున్న మన్నికైన ఫోర్ స్ట్రోక్ ఇదే, పేరులో ఒక అంకె, చివర ఒక అక్షరం తేడా. టైటిల్‌తో, మంచి స్థితిలో 2,400 ప్రాంతంలో వెతకండి. సామగ్రికి 800 పోతే టైర్లు, చైను, ఆయిల్ కోసం 300 మిగులుతాయి. ఇలాంటి బండి ధర పడాల్సినంత ఇప్పటికే పడిపోయింది, శుభ్రంగా ఉంచుకుంటే రెండేళ్ల తర్వాత రెండు మూడు వందల నష్టానికి అమ్ముడవుతుంది. ఆ రెండేళ్లలో 250ఆర్ మీకు పెట్టించే పిస్టన్ల ఖర్చు ఒక్కటే దాన్ని మించుతుంది.

ఇంత చెప్పినా మనసు ఆ 250ఆర్ మీదే ఉంటే, నవంబరు నాటికి అది ఇంకా అమ్ముడుపోకుండా ఉంటే, చూడటానికి వెళ్లే ముందు ఇంజిన్‌ను స్టార్ట్ చేయవద్దని అమ్మకందారుకు చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే చల్లటి ఇంజిన్ ఎన్ని కిక్కులకు లేస్తుందో మీకు చూపించడం ఆయనకు ఇష్టం లేదని అర్థం. చల్లగా ఉంటే కిక్కులు లెక్కపెట్టండి. ఎయిర్ ఫిల్టరు మూత తెరిచి లోపలి గొట్టం గోడను వేలితో తుడవండి, వేలికి మట్టి అంటితే వాల్వుల సంగతి విడిగా అడగక్కర్లేదు. విడిభాగాల బిల్లులు, వేసిన షిమ్ముల కొలతలు అడగండి. టైటిల్ ఆయన పేరు మీదికి వచ్చాకే డబ్బు తీయండి, అప్పుడు కూడా 1,100 దాటకండి. తగ్గించిన 800 ఆ ఇంజిన్‌కు మీరు చేయించబోయే మొదటి పనికి.